ఇంజిన్ ఒకటే, గీతలు వేరు

మొదటే చెప్పేస్తున్నాను, ఈ సంగతిని నేను వరసగా చెప్పలేను. ఏది ముందు జరిగిందో, ఏది తరువాత తెలిసిందో, ఎవరికి తెలిసింది ఎవరి దగ్గర దాచారో, అంతా కలగాపులగమై కూర్చుంది. పోయిన నెల దాకా నాకు ఒక్క విషయం మాత్రం గట్టిగా తెలుసుననుకునేదాన్ని. మా నాన్న కారు ఇంజిన్ పాడవడానికి కారణం నేను, ఆ నింద మోసింది మెకానిక్కు యాదగిరన్న. ఇరవై ఏళ్లకు పైగా ఈ మాటను కడుపులో పెట్టుకుని తిరిగాను. బాధగానే ఉండేది గానీ, కనీసం బాధ ఎక్కడుందో తెలిసేది. ఇప్పుడు అదీ లేకుండా పోయింది.

నేను ఘట్‌కేసర్ వైపు ఒక పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతాను. నా కారులో ఉన్నది ఫ్రెంచి వాళ్లు తయారుచేసిన నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. ఆ ఒక్క ఇంజిన్‌నే మన దేశంలో ఎన్ని రకాల కార్లలో పెట్టి అమ్మారో చెప్పడం కష్టం. ఒకదాంట్లో అరవై అయిదు గుర్రాల శక్తి, ఇంకోదాంట్లో ఎనభై అయిదు, ఎత్తు బండ్లలో నూట పది. పేరు ఒకటే, దిమ్మ ఒకటే. టర్బో వేరు, ఇంజెక్టర్లు వేరు, గేరుబాక్సు వేరు. "మేడం, ఆ ఇంజిన్‌ను నమ్మొచ్చా?" అని స్టాఫ్ రూములో అడుగుతుంటారు. ఏ రకం, ఎవరు నడిపారు, బెల్టు ఎప్పుడు మార్చారు, ఏ నూనె పోశారు అని నేను ఎదురు అడిగితే వాళ్లకు విసుగు. అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పమంటారు. మా దగ్గరే ఒకాయన బండి లక్షల కిలోమీటర్లు తిరిగినా మూత విప్పలేదు, ఇంకొకాయన రెండేళ్లకే దండం పెట్టి అమ్మేశాడు. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు, ఇద్దరిదీ ఒకే ఇంజిన్. ఇక నేనేం చెప్పను?

పోయిన నెల, మలుపు తిరిగినప్పుడల్లా మీటరులో ఇంజిన్‌కు నూనె అందడం లేదని హెచ్చరించే ఎర్ర దీపం ఒక్క క్షణం వెలిగి ఆరిపోవడం మొదలైంది. షోరూములో కుర్రాళ్లు ల్యాప్‌టాప్ తగిలించి చూసి ఏమీ లేదన్నారు. ఆ దీపం వెలిగితే నేను ఇక బండి నడపలేను. మా ల్యాబు అసిస్టెంటు విని, అన్నోజిగూడలో హైవే పక్కన ఒక పెద్దమనిషి ఉన్నాడని, స్క్రూడ్రైవరు మొనను ఇంజిన్‌కు ఆనించి పిడిని చెవిలో పెట్టుకుని రోగం చెబుతాడని అన్నాడు. వెళ్లాను. నీళ్ల ట్యాంకరు కింద నుంచి పాక్కుంటూ బయటికి వచ్చిన మనిషి యాదగిరన్న. జుట్టంతా తెల్లబడింది, మనిషి మాత్రం అదే. "మాధవి గదా, నాచారం సారు బిడ్డ" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. ఆయన ఎదురు పడకూడదని నేను ఎన్నేళ్లుగా కోరుకున్నానో ఆయనకేం తెలుసు. బానెట్ ఎత్తి, ఆయన ముఖంలోకి చూడలేక షెడ్డు గోడ వైపు చూశాను. అక్కడ ఒక మేకుకు రెండు నూనె పుల్లలు వేలాడుతున్నాయి. ఒకటి ఇంకోదానికన్నా వేలి వెడల్పంత పొడుగు.

నూనె పుల్ల అనేది మా ఇంటి మాట. ఇంజిన్‌లో నూనె ఎంత ఉందో చూసే సన్నని ఇనప బద్ద అది. కొసన రెండు గీతలుంటాయి, నూనె తడి ఆ రెండింటి మధ్య ఉండాలి. పుస్తకాల్లో డిప్‌స్టిక్ అని రాస్తారు, మెకానిక్కులు గేజ్ అంటారు. మా ఇంట్లో దాన్ని అమ్మ నూనె పుల్ల అంది, అదే నిలిచింది.

మేము అప్పుడు నాచారంలో ఉండేవాళ్లం. గాలి ఎటు నుంచి వస్తే ఆ వాసన. ఒకవైపు నుంచి వస్తే బిస్కెట్లు కాలుతున్న తియ్యటి వాసన, ఇంకోవైపు నుంచి వస్తే మందుల ఫ్యాక్టరీ ఘాటు. అమ్మ పొద్దున్నే వాకిట్లోకి వచ్చి, ముక్కు పైకెత్తి గాలి చూసి, బట్టలు ముందు ఆరేయాలో వెనక ఆరేయాలో తేల్చేది. నాన్నది తెనాలి దగ్గర ఊరు. ఉప్పల్‌లో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో కొలత పరికరాలను సరిచూసే విభాగంలో ఉద్యోగం. ఎక్కడెక్కడి ఫ్యాక్టరీల నుంచో మీటర్లు, స్కేళ్లు వచ్చేవి. వాటి గీత నిజంగా ఉండాల్సిన చోటే ఉందో లేదో నాన్న చెప్పాలి. ఆయన సంతకం పడితే ఆ కొలత సత్యం. ఆ జబ్బు ఇంటికీ పాకింది. పాలవాడి కొలపాత్ర, కూరల బండి తక్కెడ, నా జామెట్రీ పెట్టెలో స్కేలు, ఏదీ ఆయన పరీక్ష దాటకుండా మా ఇంట్లో చెల్లేది కాదు. అమ్మ చారులో ఉప్పు పిడికిలితో వేస్తుంటే చూడలేక గుమ్మం దగ్గర నుంచి వెళ్లిపోయేవారు. ఈయన ముందు తుమ్మాలన్నా కొలుచుకుని తుమ్మాలి అనేది అమ్మ.

అలాంటి మనిషి కారు కొన్నారు. పాతది, వెనక డిక్కీ ఉన్న నాలుగు తలుపుల బండి. అందులోనూ ఫ్రెంచి డీజిల్ ఇంజినే, ఇప్పుడు నా కారులో ఉన్నదానికి తాత వరస. టర్బో లేదు, కంప్యూటరు లేదు. అప్పట్లో అదే ఇంజిన్‌ను ఒక చిన్న కారులోనూ పెట్టేవారు. చలికాలం పొద్దున తాళం సగం తిప్పి, పసుపు దీపం ఆరేదాకా ఆగి, అప్పుడు స్టార్టు చేస్తే పక్కింటి వాళ్ల గిన్నెలు కూడా మోగేవి. కారు ఎండలో ఊరికే ఉంటోంది కదా అని అమ్మ బానెట్ మీద పాత పంచె పరిచి వడియాలు పెట్టేది. బానెట్ ఎత్తాలంటే నాన్న ముందు వడియాలకు వేరే చోటు చూడాలి.

రోజూ కాఫీకి ముందు నూనె చూడటం మా ఇంటి సుప్రభాతం. అమ్మ చిరిగిన బనియన్లను చదరాలుగా కత్తిరించి డబ్బాలో పెట్టేది. నాన్న పుల్ల లాగి, తుడిచి, మళ్లీ దించి, మళ్లీ లాగి, వెలుతురుకు పట్టి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి చూసి "గీత మీద ఉంది" అనేవారు. వంటింట్లోంచి గ్లాసుల చప్పుడు వినిపించేది. ఆ మాట పడనిదే అమ్మ డికాక్షనులో పాలు కలిపేది కాదు. కాఫీ గ్లాసు పట్టుకున్న నాన్న చేతి నుంచి ఇంజిన్ నూనె వాసన వచ్చేది. ఇప్పటికీ ఏ షెడ్డు ముందు నుంచి వెళ్లినా నాకు కాఫీ తాగాలనిపిస్తుంది. ఇప్పుడు కొన్ని కార్లలో నూనె పుల్లే ఉండటం లేదు, తెర మీద బొమ్మ వస్తుంది. నా విద్యార్థుల్లో సగం మందికి పుల్ల లాగి చూడటం చేతకాదు. వాళ్లను కోప్పడబోయి, మాకు చేతనై ఏం వెలిగించాం అని నోరు మూసుకుంటాను.

యాదగిరన్న షెడ్డు మా వెనక సందులోనే. అప్పటికి ముప్పై దాటని మనిషి. స్కూటర్లతో మొదలుపెట్టి కాలనీ కార్లన్నీ చూసే స్థాయికి వచ్చాడు. ఆ ఫ్రెంచి ఇంజిన్ అంటే ఆయనకు పిచ్చి. ఏ పుస్తకమూ చూడకుండా విప్పి, బిగించి, మళ్లీ విప్పి నేర్చుకున్నాడు. నేను డిప్లొమా మెకానికల్‌లో చేరాను, క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లను. సాయంత్రాలు ఆ షెడ్డుకు వెళ్తానంటే అమ్మ గొణిగింది, నాన్న నేర్చుకోనీ అన్నారు. యాదగిరన్న భార్య పద్మ వదిన బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసేది. షిఫ్టు దిగి వస్తూ విరిగిన బిస్కెట్ల పొట్లం నా చేతిలో పెట్టేది. తొందరలో పర్మనెంటు చేస్తారని ఆశగా ఎదురుచూసేది. ఆ ఏడు నాన్న కారుకు పెద్ద పని పడింది. యాదగిరన్న ఇంజిన్ కింది భాగం విప్పి, కొత్త బేరింగులు వేసి, కొత్త నూనె పోసి ఇచ్చాడు. నాన్న నడిపి చూసి తల ఊపారు. నాన్న తల ఊపడమంటే మాటలు కాదు.

తరువాత కొన్నాళ్లకు నూనె పుల్ల పిడి విరిగిపోయి, పుల్ల పనికిరాకుండా పోయింది. కొత్తది రావడానికి వారాలు పడుతుందన్నారు. పొద్దున చూసుకోవడానికి గీత లేక నాన్న రెండు రోజులు ఇంట్లో దిక్కుతోచకుండా తిరిగారు. నేను మల్లాపూర్ వైపు పాత సామాన్ల కొట్టుకు వెళ్లి, నుజ్జయిన ఒక చిన్న కారు ఇంజిన్‌లోంచి పుల్ల పీకి తెచ్చాను. బండి చిన్నదైనా ఇంజిన్ అదేనని క్లాసులో చెప్పారు. గొట్టంలో దించాను, టక్కున కూర్చుంది. సరిపోయిందా అని నాన్న అడిగారు. "ఇంజిన్ ఒకటే నాన్నా" అన్నాను. నలభై అడుగులు నడిచి యాదగిరన్నను ఒక్క మాట అడగొచ్చు. అడగలేదు. ఆయనకు తోచనిది నాకు తోచిందని చూపించుకోవాలని దురద. ఆ గొంతులో గర్వం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున నూనె పై గీత దాటి కనిపించింది. నూనె ఎక్కువైనా ఇంజిన్‌కు చేటే. యాదగిరి చేతికి వచ్చినంత పోశాడని విసుక్కుని, నాన్న కింద పళ్లెం పెట్టి, బోల్టు వదులు చేసి, కాస్త తీసి, కొలిచి, మళ్లీ కాస్త తీసి, సరిగ్గా పై గీత మీదికి తెచ్చి ఆపారు. ఇంకొకరైతే ఎక్కువుంటే ఉండనీ అని బానెట్ దించేసేవారు. నేను పక్కన నిలబడి బనియను గుడ్డలు అందించాను. రెండు సీసాల నూనె వచ్చింది, గేటు బందులకు పనికొస్తుందని దాచారు. అసలు సంగతి నాకు ఆ తరువాతి ఏడు తెలిసింది. చిన్న కారులో ఆ పుల్ల దిగే గొట్టం పొడుగు, అందుకని పుల్లా పొడుగు. మా కారులో గొట్టం పొట్టి. అందులో ఆ పుల్ల ఉండాల్సిన దానికంటే లోతుకు దిగి, తక్కువ నూనెను నిండుగా చూపిస్తుంది. అంటే ఆ పొద్దున నాన్న తీసేసింది ఎక్కువైన నూనె కాదు, ఉండాల్సిన నూనె.

ఆ తరువాత మలుపుల్లో ఎర్ర దీపం మిణుకుమనేది. తీగ వదులైందన్నారు నాన్న. రోజూ గీత మీద చూసుకుంటున్న మనిషికి ఇంకేం తోస్తుంది. ఒక ఆదివారం ఉప్పల్ దాటి ఘట్‌కేసర్‌కు పెళ్లికి వెళ్తుంటే లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలై బండి నిలిచిపోయింది. పట్టుచీర కట్టుకున్న అమ్మ రోడ్డు పక్కన ఎండలో నిలబడింది. యాదగిరన్న తాడు కట్టి లాక్కొచ్చి, విప్పి చూసి, నూనె చాలలేదు సారు, బేరింగు కాలిపోయింది అన్నాడు. పొద్దునే చూశాను, గీత మీద ఉంది అన్నారు నాన్న. యాదగిరన్న ఏదో అనబోయి, నా వైపు చూసి, గట్లనే గావచ్చు సారు అని ఊరుకున్నాడు. నా వైపు ఎందుకు చూశాడో అప్పుడు నాకు అర్థం కాలేదు.

నాన్న కోప్పడలేదు, అదే కొంప ముంచింది. కోపంలో అన్న మాట నాలుగు రోజులకు చల్లారుతుంది. ల్యాబు క్యాంటీనులో మా కాలనీవాళ్లే ఎవరో అడిగితే, అతని పని కొలతకు నిలవదు అన్నారట, మామూలుగా, మజ్జిగ తాగుతూ. ఆయన అన్నారంటే ఇక తిరుగులేదు. కాలనీ కార్లు, స్కూటర్లు ఒక్కొక్కటే ఆ సందులోకి రావడం మానేశాయి. ఆరు నెలలు తిరక్కుండా షెడ్డు మూతపడింది. పద్మ వదిన పర్మనెంటు కాబోతున్న ఉద్యోగం వదిలేసి ఆయన వెంట హైవే మీదికి వెళ్లిపోయింది. తరువాతి ఏడు మా కాలేజీ వర్క్‌షాపులో చిన్న కారు ఇంజిన్ ఒకటి తెచ్చిపెట్టారు. ఆ గొట్టం, ఆ పుల్ల చూడగానే నాకు లెక్క తేలిపోయింది. ఇంటికి వెళ్లి చెప్పాలనుకున్నాను. నాన్న వాకిట్లో కూర్చుని ఎవరిదో గడియారం సరిచేస్తున్నారు. మీ కొలత తప్పు, అది నా వల్ల అని ఆ మనిషికి ఎలా చెప్పాలి? రేపు చెబుదాం అనుకున్నాను. చెప్పకుండానే నాన్న పోయి మూడేళ్లయింది. ఇప్పుడు నాచారం వెళ్తే బిస్కెట్ల వాసన లేదు, మా సందు ఎక్కడుందో అపార్ట్‌మెంట్ల మధ్య వెతుక్కోవాలి. కొన్ని సాయంత్రాలు గాలి జవహర్‌నగర్ చెత్త కుప్పల మీద నుంచి వస్తుందట, అక్కడి వాళ్లు కిటికీలు మూసుకుంటారట.

షెడ్డులో నేను ఆ మేకు వైపే చూస్తుంటే యాదగిరన్న కూడా చూశాడు. ఆ పొడుగుది మీదే, సారు తెచ్చిచ్చిండు అన్నాడు. నాకు అర్థం కాలేదు. రెండోసారి అడిగితే చెప్పాడు. నాన్న రిటైరైన తరువాత ఒక రోజు బస్సులో అన్నోజిగూడ వచ్చారట, పేపర్లో చుట్టిన పుల్లతో. కారు ఎప్పుడో అమ్మేసినా ఆ పుల్ల ఎందుకు ఉంచుకున్నారో తెలియదు. మా రకం బండి అసలు పుల్ల యాదగిరన్న దగ్గర ఉంటే, రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, జేబులోంచి ఉక్కు స్కేలు తీసి, తనే కొలిచారట. తరువాత యాదగిరన్న చేతులు పట్టుకున్నారట. మా నాన్న ఎవరి చేతులూ పట్టుకునే మనిషి కాదు. వేరే ఎవరి గురించో వింటున్నట్టు విన్నాను.

"సారు ఒక్కటే అడిగిండు చెల్లె," అన్నాడు యాదగిరన్న. "'మా అమ్మాయికి చెప్పొద్దు యాదగిరీ. అది పిల్లలకు ఇంజిన్లు నేర్పే మనిషి, ఇది తెలిస్తే మళ్లీ పానా పట్టదు' అన్నడు. కాలనీల అందరికి చెప్త అన్నడు గని, ఇంకెవరున్నరు సారు ఆడ అని నేనే వద్దన్న."

నాన్నకు ఎలా తెలిసింది? ఎప్పుడు తెలిసింది? యాదగిరన్న అడగలేదట, ఇక చెప్పడానికి నాన్న లేరు. నాకు తెలుసునని నాన్నకు తెలియదు, నాన్నకు తెలిసిందని నాకు తెలియదు. ఇద్దరం ఎన్ని పొద్దులు ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగామో. నా కోసం దాచారని ఏడవాలా, నా కోసం ఈ మనిషిని నింద కిందే వదిలేశారని కోపం తెచ్చుకోవాలా? రెండూ ఒకేసారి వచ్చి, ఏదీ సరిగా రాలేదు. మరి ఆ రోజు నువ్వు నా వైపు ఎందుకు చూశావన్నా అని అడిగాను. చూసినట్టే గుర్తు లేదన్నాడు. ఇన్నేళ్లూ నేను ఆ చూపుకు ఎన్ని అర్థాలు చెప్పుకున్నానో. చివరికి, నీ తప్పేమీ లేదని నాకు ఎప్పటి నుంచో తెలుసు, అయినా నోరు విప్పలేదు, నన్ను క్షమించు అన్నాను.

"గట్ల గూడ అనకు," అన్నాడు. "ఆ బేరింగులు నేను చేతి అందాజతోని బిగించిన. ఎంత బిగిసిందో కొలిచి చెప్పే టార్క్ రెంచ్ అప్పుడు నా దగ్గర యాడిది? నూనె తక్కువై పోయిందో, నా బిగింపుకు పోయిందో, నాకు ఇప్పటికి ఎరుక లేదు. నూనె తక్కువున్నా ఏండ్లకేండ్లు నడిచినవి జూసిన. నిండుగ ఉండి పోయినవి గూడ జూసిన."

అంటే నేను ఇరవై ఏళ్లు మోసిన తప్పు నాదో కాదో కూడా తేలలేదు. ముగ్గురం తలా ఒక చెయ్యి వేశాం, ఎవరి చెయ్యి తగిలి పోయిందో చెప్పే ఇంజిన్ ఎప్పుడో తుక్కులో కరిగిపోయింది. ఆయన ఈలోగా నా కారులో చెయ్యి పెట్టి చూశాడు. నూనె సరిగ్గానే ఉంది, దీపానికి వెళ్లే తీగే నిజంగా వదులైంది. బిగించి, పొమ్మన్నట్టు తల ఊపాడు. వెళ్లిపోతే సరిపోయేది.

అప్పుడే వెనక గదిలోంచి పద్మ వదిన చాయ్ తెచ్చింది. మోకాళ్ల నొప్పితో మెల్లగా నడుస్తోంది. నన్ను గుర్తుపట్టి, చెంప నిమిరి, పాత టైరు మీద కూర్చుంది. నాన్న పోయారని విని బాధపడింది. ఫ్యాక్టరీలో తనతో చేరినవాళ్లలో పెద్దవాళ్లు పర్మనెంటై, పూలదండలతో రిటైరయ్యారని చెప్పింది. తరువాత భర్తను గడ్డంతో చూపించి, రోజూ చెప్పే మాట చెప్పినట్టే చెప్పింది. "సారు బంగారమసుంటి మనిషి, ఊకెనే అంటడా? ఈయనకే పని మీద మనసు నిలువదు. ఆ ఒక్క కారు మంచిగ బిగిస్తే మేము నాచారంలనే ఉంటుంటిమి. అప్పటిసంది చెప్తనే ఉన్న."

యాదగిరన్న నా వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఈసారి ఆ చూపు అర్థం నాకు బాగా తెలిసింది. అయినా చెప్పాను. పుల్ల తెచ్చింది నేనని, నాన్న నూనె తీసేశారని, నాకు తెలిసీ చెప్పలేదని, నాన్న ఇక్కడికి వచ్చి వెళ్లారని, అంతా చెప్పాను. చెబితే ఆమెకు న్యాయం చేసినట్టవుతుందని నా తెలివి. తిడుతుందనుకున్నాను, తిట్టించుకోవడానికి సిద్ధపడే ఉన్నాను. ఆమె నా వైపు చూడనే లేదు. భర్త వైపు తిరిగి, నీకెరుకనా అని అడిగింది. ఆయన పానాలు ఒక్కొక్కటే పెట్టెలో సర్దసాగాడు. ఆమె ఆ చేతుల వైపు చూసింది.

"గిన్నేండ్లు ఈ మనిషిని నేనన్న మాటలు," అంది చివరికి, "అవన్నీ ఇప్పుడు యాడ వెట్టుకోవాలె, మాధవీ?"